వావిలాకు నొప్పి తగ్గిస్తుందని ఎలుకల మీద చూస్తే చాలా?

హన్మకొండ ఫార్మసీ: ప్రాజెక్టులో వావిలాకు నీడన ఎండబెట్టి, మెథనాల్‌లో (విషమైన ఒక రకం ఆల్కహాల్) నానబెట్టి సారం తీశాం. చిట్టెలుకలకు తాగించి 55 డిగ్రీల వేడి పలక మీద పెడితే మందు తాగని వాటికన్నా ఆలస్యంగా కాలు నాకాయి, అంటే నొప్పి ఆలస్యంగా తెలిసింది. ఏ ఎలుకనూ 15 సెకన్లకు మించి ఉంచలేదు. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేది నిజమేనని తేలింది. ఇంకా డాక్టర్లు ఎందుకు నమ్మరు?

ములుగు అక్క: మా అమ్మమ్మ వావిలాకు కాచిన నీళ్లు బాలింతకు పోసేది. మోకాళ్లకు ఆకు వెచ్చజేసి కట్టేది. ఎవరికీ తాగించలేదు. మీరు పరీక్షించింది మా మందు కాదు తమ్మీ.

హన్మకొండ ఫార్మసీ: మెథనాల్ దాదాపు మొత్తం ఆవిరైపోతుంది అక్కా.

ములుగు అక్క: నేను అడిగింది అది కాదు.

కాజీపేట: మత్తెక్కిన ఎలుక కూడా కాలు నాకదు. తిరిగే కడ్డీ మీద నిలబెట్టి చూశారా? మత్తుంటే జారి పడిపోతుంది.

నర్సంపేట రైతు: మూగజీవాలను కాల్చుడు పాపం.

పరకాల అన్న: మా నాన్న కీళ్లనొప్పులకు ఒకాయన ఇచ్చిన ఆకుల పొడి ఎనిమిది నెలలు తిన్నాడు. నొప్పి పోయింది. తర్వాత ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. పొడిలో స్టెరాయిడ్ ఉందన్నారు. ఇప్పుడు ఆకు మందంటేనే టెన్షన్.

హన్మకొండ ఫార్మసీ: అందుకే పరీక్షలు కావాలి. 2013లో కామెరూన్‌లో ఓ చెట్టు వేళ్లలో ట్రామడాల్ అనే నొప్పి మందు దొరికిందన్నారు. మరుసటి ఏడాది ఇంకో బృందం, అది రైతులు పశువులకు వేసిన మందేనని, మూత్రంతో మట్టిలో కలిసి వేళ్లకెక్కిందని చెప్పింది. చదువుకోనివాళ్ల మాటను గుడ్డిగా నమ్మలేం.

ములుగు అక్క: చదువుకోనివాళ్లా? పదేళ్ల కింద ఓ కాలేజీ పిల్లలు మా ఊరికొచ్చిన్రు. అమ్మమ్మ కొంగు నడుముకు చుట్టి వాగు ఒడ్డంతా తిప్పింది. ఏ ఆకు లేతగా కోయాలో, ఏది ముదిరాక కోయాలో వాసన చూపించి చెప్పింది. చాయ్ పోసి పంపింది. మళ్లీ ఒక్కరూ రాలేదు. రిపోర్టులో 'స్థానికులు' అని రాసుకున్నరట. ఆమెకు పేరుంది!

నర్సంపేట రైతు: నిజం.

పరకాల అన్న: పేరు రాస్తే కల్తీ ఆగుతుందా?

ములుగు అక్క: కల్తీ చేసినోడిని అడుగన్నా, ఆమెను కాదు.

కాజీపేట: 2002 జీవవైవిధ్య చట్టంలో అలాంటివాళ్లకు లాభంలో వాటా మాట ఉంది. అయినా కడ్డీ పరీక్ష సంగతి చెప్పలేదు.

హన్మకొండ ఫార్మసీ: ఆ పరీక్ష చేయలేదన్నా. అక్కా, నేనూ 'స్థానికుల వాడుక' అనే రాశాను. మాకు ఆకు చూపిన పెద్దమ్మ పేరు నాకు తెలుసు. ఆమెను అడిగి రాస్తాను, ఇంకా సబ్మిట్ చేయలేదు.