కర్క్యుమిన్ సాల్యుబిలిటీ: యూనిఫ్యాక్ లెక్కకీ నా ఫ్లాస్కుకీ పొంతనే లేదు

పసుపుకొమ్ము:
ఎం.టెక్ ప్రాజెక్ట్ అండి. పసుపులోంచి కర్క్యుమిన్ (దానికి రంగునిచ్చే పదార్థం) తీయడానికి ఏ సాల్వెంట్ బెటరో ముందే లెక్కేసి చూడమన్నారు మా గైడ్, సరే అని యూనిఫ్యాక్‌తో (ఏది దేంట్లో ఎంత కరుగుతుందో అంచనా వేయడానికి వాడే మోడల్) కూర్చున్నా. ఇథనాల్లో 25 డిగ్రీల దగ్గర ఎంత కరుగుతుందని మోడల్ చెప్పేది, నేను రెండ్రోజులు షేకర్‌లో పెట్టి వడగట్టి కొలిచినదానికి దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ, అసిటోన్‌లోనూ ఇదే గోల. మెల్టింగ్ పాయింట్ 183, ఫ్యూజన్ ఎంథాల్పీ (ఒక మోల్ ఘనాన్ని ద్రవంగా మార్చడానికి పట్టే వేడి) ఎక్కడో చూసి 40 కిలోజౌల్స్ వేశా. తప్పు మోడల్‌దా నాదా?

రాత్రి_ల్యాబ్:
తమ్మీ యూనిఫ్యాక్ 1975 నాటిది, మాలిక్యూల్‌ను గ్రూపులుగా కోసి లెక్క కడతది. కర్క్యుమిన్‌ను రెండు కీటోన్లు అనుకొని కోసినవా? అది ఎక్కువగా ఈనాల్ రూపంలో (ఒక కీటోన్ ఓహెచ్‌గా మారిన రూపం) ఉంటది, హైడ్రోజన్ బాండ్ లోపల్లోపలే కట్టేసుకుంటది, ఆ సంగతి గ్రూపులకు ఎట్ల తెలుస్తది? కాస్మో-ఆర్ఎస్ (గ్రూపులుగా కోయకుండా క్వాంటం లెక్కతో చేసే మోడల్) దొరికితే అది పట్టు.

గామా_గారు:
మోడల్ మార్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. సాల్యుబిలిటీ లెక్కలో రెండు ముక్కలున్నాయి, ఒకటి క్రిస్టల్ విడగొట్టడానికి పట్టే ఖర్చు, రెండోది సాల్వెంట్‌తో ఎంత పడుతుందన్నది అంటే గామా. యూనిఫ్యాక్ ఇచ్చేది రెండోదే, మొదటిది మీరు చేత్తో వేసిన 40. దాన్ని 50 చేసి చూడండి, ఐడియల్ మోల్ ఫ్రాక్షన్ (గామా 1 అనుకుంటే ద్రావణంలో కరిగేదాని వంతు) సుమారు 0.0037 నుంచి 0.0009కి పడిపోతుంది, అంటే నాలుగు రెట్లు అక్కడే పోయింది! అందుకే మీకు అన్ని సాల్వెంట్లలోనూ ఒకేవైపు తప్పు వస్తోందని నా అనుమానం. మీకు కావలసింది ఏ సాల్వెంట్ మంచిది అనే కదా, ఒకదాంట్లో కొలిచి మిగతావాటిని దానికి నిష్పత్తిగా లెక్కేయండి, క్రిస్టల్ ముక్క రెండువైపులా కొట్టుకుపోతుంది, గామాల తేడానే మిగులుతుంది.

పసుపుకొమ్ము:
అవునండీ 50 వేస్తే రెండింతల దాకా దిగింది, థాంక్స్ అండి! కానీ నా శాంపిల్ 95% ప్యూర్, అదేం ఇబ్బంది కాదు కదా?

గామా_గారు:
ఇదిగో అసలు కథ. ఆ 95 సాధారణంగా మొత్తం కర్క్యుమినాయిడ్లది (కర్క్యుమిన్, దాన్ని పోలిన పదార్థాలు కలిపి) బాబూ. అందులో డెమిథాక్సీ, బిస్‌డెమిథాక్సీ కూడా ఉంటాయి, మామూలు కమర్షియల్ సరుకులో కర్క్యుమిన్ ముప్పావు వంతు ఉంటే గొప్ప. యూవీలో (కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి కొలిచే మెషిన్) 425 నానోమీటర్ల దగ్గర చదివావంటే మూడూ కలిసే పలుకుతాయి. అంటే నువ్వు కొలిచింది ఒకటి, లెక్కేసింది ఇంకోటి. హెచ్‌పీఎల్‌సీ (మూడింటినీ విడదీసి కొలిచే పద్ధతి) చెయ్యి, ఎంథాల్పీ ఎక్కడో చూసింది కాదు, నీ పౌడర్‌నే శుద్ధి చేసి డీఎస్‌సీలో (కరగడానికి ఎంత వేడి పడుతుందో కొలిచే మెషిన్) పెట్టి తీసుకో.

పసుపుకొమ్ము:
అయ్యో నేను యూవీలోనే చదివానండి 😭 డీఎస్‌సీ స్లాట్ వచ్చే వారం దాకా లేదంట, అప్పటిదాకా నిష్పత్తుల టేబుల్ వేసి గైడ్‌కి చూపిస్తా.