ఎండకి తాటిచెట్టు కిందకెళ్ళిన బట్టతలాయన చేసిన తప్పేంటండి?

కొబ్బరాకు:
స్కూల్లో బట్టీ పెట్టించిన "ధర ఖర్వాటుడొకండు" పద్యం గుర్తుందా అండి, ఎండకి బుర్ర మాడిపోతుంటే బట్టతలాయన పరిగెత్తుకెళ్ళి తాటిచెట్టు నీడన నిలబడతాడు, పైనుంచి పండు పడి తల పగులుద్ది, దైవం పగబడితే ఎక్కడికెళ్ళినా ఆపద వెంటొస్తుందని కవి తేల్చేస్తాడు. 1996 నవంబరు తుపానుకి మా కోనసీమ తోట నేలకొరిగినప్పుడు మా తాతగారు అరుగు మీద కూచుని ఇదే చదివారు. మళ్ళీ ఆయనే మొదళ్ళు తీయించి, గోతులు తవ్వించి కొబ్బరి మొక్కలేయించారు. అంతా రాతే అయితే ఆ గోతులెందుకండి? మన పద్యాల్లో మనిషి చేతిలో ఏమైనా ఉందంటారా?

తాటిబెల్లం:
ముందు నాకో డౌటు. బుర్ర మాడే ఎండంటే వేసవి, అప్పుడుండేవి ముంజలు, గెల కోస్తే గాని కిందకి రావు. పండు రాలేది శ్రావణ భాద్రపదాల్లో, ఆ రోజుల్లో మేం దూడని కూడా తాటిచెట్టుకి కట్టం. తెలిసెళ్ళి నిలబడి దైవాన్నంటే ఎలా, ఆ నీడ చూసుకుంది ఆయనే కదా 😀

లంకగాలి:
భాద్రపదంలో వాన వెలిశాక ఎండ చూళ్ళేదేంటి మీరు, ఒళ్ళు చిమిడిపోద్ది. సరే, పద్యం భర్తృహరిది, తెలుగు చేసింది ఏనుగు లక్ష్మణకవి, మన పెద్దాపురం వైపాయనే. ఇది ఆయన నీతిశతకంలో దైవపద్ధతి, అంటే విధి గురించి చెప్పే భాగంలోది. దానికి ముందున్న ధైర్యపద్ధతి తీయండి, "ఆరంభింపరు నీచమానవులు" అక్కడే ఉంది, అడ్డంకులొస్తాయని అసలు మొదలెట్టనోడు నీచుడు, మొదలెట్టి మధ్యలో వదిలేసేవాడు మధ్యముడు, ఎన్ని దెబ్బలు తగిలినా పట్టు విడవనివాడు ధీరుడు. ఒకే కవి, పక్కపక్క పేజీలు. మాస్టార్లు దేనికది విడిగా చెప్పి మనల్ని కన్ఫ్యూజ్ చేశారంతే.

రేవుపడవ:
నాకైతే పోతన బలి దగ్గరే అసలు మజా. వచ్చినోడు విష్ణువు, ఇస్తే సర్వం పోద్ది, ఇలాంటప్పుడు మాట తప్పినా పాపం లేదని గురువే చెప్తాడు. అంటే తప్పించుకునే దారి ఉంది! అయినా "కారే రాజులు రాజ్యముల్ గలుగవే" అని, అంత మంది రాజుల్లో ఇప్పుడు పేరైనా మిగిలిందెవరికి అని అడిగి మరీ ధారపోస్తాడు. దాన్ని రాత అంటే నేనొప్పుకోను.

కొబ్బరాకు:
బలి సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండి, థాంక్స్. తాటిబెల్లం గారూ, మీరన్నాక గుర్తొచ్చింది, రోజూ ఆ పద్యం చదివే తాతగారు తోటలో మడతమంచం మాత్రం తాటిచెట్టుకి నాలుగు బారలు అవతల వేయించుకునేవారు.