ప్రయోగశాలలో పుస్తకాల అల్మారా తీసేయవచ్చా?

బ్యూరెట్‌ధారి

మా విశ్లేషణ ప్రయోగశాలను కొత్త గదుల్లోకి మారుస్తున్నారు. గీసిన పటంలో పుస్తకాల అల్మారాకు చోటు లేదు. "కావలసినవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా" అన్నారు పై అధికారులు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఈ పనిలో ఉన్న మీరందరూ ఏమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

ముందు నా కారణం చెబుతాను. కొన్ని నెలల క్రితం మా సహోద్యోగి ఒకరు రాగి ప్రామాణిక ద్రావణం తయారు చేశారు. కాపర్ సల్ఫేట్ అణుభారం కోసం ఫోనులో వెతికితే మొదట కనిపించిన అంకె 159.61. అది స్ఫటిక జలం లేని లవణానిది. సీసాలో ఉన్నది అయిదు నీటి అణువులు గల నీలి స్ఫటికం, దాని అణుభారం 249.69. 0.1 మోలార్ అనుకున్న ద్రావణం గాఢత నిజానికి 0.064 దగ్గర ఆగింది. రెండు రోజుల ఫలితాలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాం. అచ్చు హ్యాండ్‌బుక్ తెరిచి ఉంటే ఆ రెండు లవణాలూ ఒకదాని కింద ఒకటి, రంగూ సాంద్రతా సహా, ఒకే పుటలో కనిపించేవి. ఏది తన సీసాలో ఉందో చూసుకోవాలన్న ఆలోచన అక్కడే పుట్టేది.

ఇంకొకటి. మా పాత పుస్తకాల అంచుల్లో ముందు పనిచేసినవారు రాసిపెట్టిన గుర్తులున్నాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) ఎసిటోనైట్రైల్ అనే ద్రావణి పాలు పెరిగితే లవణం ఘనంగా విడిపోయి కాలమ్ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసే గొట్టం) మూసుకుపోతుందని నేను నేర్చుకున్నది అలాంటి ఒక పెన్సిలు గీత నుంచే. ఆ అల్మారా పోతే అదంతా పోతుంది.

తెరముందు

బ్యూరెట్‌ధారి గారూ, మీ బాధ అర్థమైంది కానీ నేరం వేరొకరి మీద మోపుతున్నారు. సీసా మీద చీటీలోనే 249.69 అని ఉండి ఉంటుంది. తూకం వేసే ముందు చీటీ చదవనివారు పుస్తకంలోనూ మొదటి వరుసే చూసి మూసేస్తారు.

పుస్తకం పాతబడుతుందన్న సంగతి కూడా మాట్లాడాలి. మాలిబ్డినం పరమాణు భారం చాలాకాలం 95.94. 2007లో దాన్ని 95.96 చేశారు, 2013లో మళ్లీ 95.95కి సవరించారు. సెలీనియం 78.96 కాస్తా 78.971 అయింది. మీ అల్మారాలోని ప్రతి ఎడిషన్ ఏదో ఒక ఏటి దగ్గర ఆగిపోయి ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పుస్తకం సాధారణంగా ఒక్క విలువను ఎంచి ఇస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి వెబ్‌బుక్‌లో ఒకే పదార్థపు బాష్పీభవన ఉష్ణం చూడండి. వేర్వేరు పరిశోధకులు కొలిచిన విలువలు వరుసగా, ఏది ఏ పత్రంలోదో చెబుతూ ఉంటాయి. వాటి మధ్య ఎంత తేడా ఉందో కళ్ల ముందే తెలుస్తుంది. పైగా అది ఉచితం. నేను అచ్చు పుస్తకం తెరిచి మూడేళ్లు దాటింది, నా పని నాణ్యత పెరిగిందే గాని తగ్గలేదు.

బ్యూరెట్‌ధారి

సెలీనియం ఉదాహరణకు లెక్క కడదాం. 78.96కీ 78.971కీ తేడా 0.014 శాతం. 100 మి.లీ. 'ఎ' తరగతి (క్లాస్ A) కొలత ఫ్లాస్కుకు అనుమతించే తేడాయే 0.1 మి.లీ., అంటే 0.1 శాతం. పాత పుస్తకం తెచ్చే దోషం ఫ్లాస్కు మీది గీత తెచ్చే దోషంలో ఏడో వంతు. ఈ కారణంతో పుస్తకాన్ని పక్కన పెట్టడం నాకు సమంజసంగా తోచడం లేదు.

నిజంగా భయపడాల్సింది లిథియం విషయంలో. దాని పరమాణు భారాన్ని ఇప్పుడు 6.938 నుంచి 6.997 వరకు ఒక వ్యాప్తిగా ఇస్తున్నారు, ఎందుకంటే ఒక ఐసోటోపును (అదే మూలకపు వేరే బరువున్న పరమాణువును) వేరుచేసిన లవణాలు అమ్మకపు సరుకులో కలిసిపోయాయి. ఆ రెండు కొసల మధ్య తేడా 0.8 శాతం పైనే. అణుభారం లెక్కించే పనిముట్లు చాలావరకు 6.94 అని ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటాయి.

నాణ్యతపట్టిక

అంచుల్లోని పెన్సిలు గీతల గురించి ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నేను ఆడిట్లు చూస్తాను. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరు సరిచూశారో తెలియని సవరణ మీద ఆధారపడి ఫలితం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఆ గుర్తు నిజమైతే దాన్ని పద్ధతి పత్రంలోకి ఎక్కించి, తేదీ వేసి, సంతకం పెట్టాలి.

తెర వైపువారికీ ఇదే మాట. ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన 2017 నాటి ఐఎస్‌ఓ 17025 ప్రకారం లెక్కలనూ డేటా బదిలీలనూ క్రమపద్ధతిలో సరిచూడాలి. బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌ను దాని ఉద్దేశిత పరిధిలో వాడితే తగినంత సరిచూసినట్టే లెక్కించవచ్చు. మీరు స్వయంగా రాసుకున్న స్ప్రెడ్‌షీటుకు ఆ మినహాయింపు లేదు. గడులకు తాళం వేయని స్ప్రెడ్‌షీట్లు ఎన్ని ప్రయోగశాలల్లో చూశానో!

పీక్‌వెనుక

నా పని గ్యాస్ క్రోమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్. మొదటిది మిశ్రమాన్ని విడదీస్తుంది, రెండోది ఒక్కో పదార్థాన్ని ముక్కలు చేసి ఆ ముక్కల భారాల పటం, అంటే స్పెక్ట్రం, ఇస్తుంది. మీరందరూ అంకెల గురించి మాట్లాడుతున్నారు. నాకు స్పెక్ట్రం లైబ్రరీలంటే, అంటే తెలిసిన స్పెక్ట్రంలతో పోల్చి పేరు సూచించే డేటా నిల్వలంటే, ఎక్కువ ఆందోళన. లైబ్రరీ లేకుండా నా పని సాగదు, అది చేతిలో పుస్తకం చేసే పని కాదు, తెరముందు గారితో అంతవరకు ఏకీభవిస్తాను.

కానీ ఇది చూడండి. ఒకే అణుసూత్రంతో అమరికలో మాత్రమే తేడా ఉన్న ఐసోమర్లు ఆర్థో, మెటా, పారా జైలీన్లు మూడింటికీ 70 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద స్పెక్ట్రం దాదాపు ఒకటే. 91 దగ్గర పెద్ద పీక్, 106 దగ్గర అణు అయాన్. లైబ్రరీ ఘనమైన స్కోరుతో పారా జైలీన్ అని పైవరుసలో చూపిస్తుంది, కుర్రవాడు దాన్నే నివేదికలో రాసేస్తాడు. ఆర్థో ఐసోమర్‌ను నిలుపుదల కాలంతో (కాలమ్ దాటడానికి పట్టే సమయంతో) విడదీయవచ్చు. మెటా, పారా రెండూ మామూలు అధ్రువ కాలమ్ మీద కలిసే వస్తాయి, విడదీయాలంటే వేరే కాలమ్ కావాలి. ఇది స్కోరు చెప్పదు. నాకు చెప్పింది పాఠ్యపుస్తకం, అదీ వరుసగా కూర్చుని చదివితే. వెతికి చదివినప్పుడు ఇలాంటివి ఎదురుపడవు. అందుకే కొత్తగా చేరినవారికి మొదటి నెల లైబ్రరీ స్కోరు గడిని దాచిపెట్టి స్పెక్ట్రం ఇస్తాను, ముక్కలను వాళ్లనే విప్పి చెప్పమంటాను.

కొత్తచేయి

నేను చేరి ఎనిమిది నెలలు. మీ అంతవాణ్ణి కాను గాని ఒక అనుభవం చెబుతాను. ట్రిస్ బఫర్ పీకేఏ (అది ఏ పీహెచ్ దగ్గర బాగా పనిచేస్తుందో సూచించే అంకె) 8.07 అని ఒక పేజీలో దొరికింది, ఉష్ణోగ్రత ఏమీ లేదు. గది ఉష్ణోగ్రత దగ్గర పీహెచ్ 8.0కి సరిచేసి శీతల గదిలో 4 డిగ్రీల వద్ద వాడాను. అక్కడ అది 8.6 దగ్గరికి చేరింది, ఎందుకంటే ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా ట్రిస్ పీహెచ్ 0.03 మేర పెరుగుతుంది. మా పై అధికారి పుస్తకం తెచ్చి చూపించారు. పట్టిక తలకట్టులోనే 25 డిగ్రీలు అని ఉంది, పక్క గడిలో ఉష్ణోగ్రతతో వచ్చే మార్పు ఉంది.

అప్పటి నుంచి తెర మీద దొరికిన ఏ విలువనైనా, ఏ ఉష్ణోగ్రత, ఏ రూపం, ఎక్కడిది అన్న మూడూ పక్కన లేకుండా లాగ్‌బుక్‌లో ఎక్కించడం మానేశాను.

తెరముందు

కొత్తచేయి గారూ, ఆ మూడు ప్రశ్నలూ మంచివే. కానీ వాటికి అచ్చు పుస్తకం అవసరం లేదు, ఆ అలవాటు చాలు. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

బ్యూరెట్‌ధారి

నాణ్యతపట్టిక గారి మాట నాకు గట్టిగా తగిలింది. అంచుల్లోని గుర్తులన్నిటినీ ఈ వారమే వరుసగా రాసుకుని, ఒక్కొక్కటీ బల్ల మీద పరీక్షించి, నిలిచినవాటిని పద్ధతి పత్రాల్లోకి ఎక్కిస్తాను. సీసా చీటీ గురించి తెరముందు గారు అన్నది కూడా నిజమే.

అల్మారా మొత్తం అడగను. తూకం గది తలుపు పక్కన ఒక్క అర అడుగుతాను. ఒక హ్యాండ్‌బుక్, ఒక పరిమాణాత్మక విశ్లేషణ పాఠ్యపుస్తకం, అనిశ్చితిని లెక్కించడం మీద యూరాకెమ్ (ఐరోపా విశ్లేషణ రసాయన సంస్థల సమాఖ్య) మార్గదర్శిని ముద్రించి కుట్టిన ప్రతి. హ్యాండ్‌బుక్ అట్ట మీద ఎడిషన్ సంవత్సరం పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాను.

పీక్‌వెనుక

ఆ అరలో నా జైలీన్ స్పెక్ట్రంలు మూడూ కాగితం మీద పెట్టండి, పేర్లు లేకుండా. పంపిస్తాను.