నమాజు చదవని వాడి రోజా (ఉపవాసం) చెల్లుతుందా?

ప్రొద్దుటూరు_భాయ్:
అస్సలాము అలైకుం. ఇంట్లో గొడవైంది, అందుకే అడుగుతున్నా. మా తమ్ముడు వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. జుమా (శుక్రవారం నమాజు) తప్ప మిగతా నమాజులు చదవడు. కానీ రంజాన్ వచ్చిందంటే ఒక్క రోజా కూడా వదలడు. మధ్యాహ్నం షాపు ముందు కొళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మేస్తాడు, చుక్క కూడా గొంతు దిగనివ్వడు. చూసేవాళ్లెవరూ ఉండరు, అయినా తాగడు.

మొన్న జుమా బయాన్‌లో (ప్రసంగంలో) మసీదు హజ్రత్ గారు (మతగురువు) "నమాజు లేని రోజా వట్టి పస్తు" అన్నారు. వీడు ఇంటికొచ్చి "అయితే నేనెందుకు పస్తుండాలి, రేపట్నుంచి మానేస్తా" అన్నాడు. అమ్మ ఒకటే ఏడుపు. నిజంగా వాడి రోజా చెల్లదా? తెలిసినవాళ్లు చెప్పండి.

సున్నత్_బాట:
వఅలైకుం అస్సలాం భాయ్. హజ్రత్ గారు కల్పించి చెప్పింది కాదది. మనిషికీ కుఫ్ర్‌కీ (అవిశ్వాసానికీ) మధ్య ఉన్నది నమాజు వదిలేయడమే అని ప్రవక్త (స) చెప్పినట్టు ఆయన సహచరుడు జాబిర్ (రజి) ద్వారా వచ్చిన హదీసు (ప్రవక్త మాటల నివేదిక) సహీ ముస్లిం అనే గ్రంథంలో ఉంది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ నుంచి వచ్చిన ఒక ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం నమాజు వదిలేసినవాడు అసలు ఇస్లాంలోనే ఉండడు. మన కాలంలో సౌదీ ఉలమా (పండితులు) షేఖ్ ఇబ్న్ బాజ్, షేఖ్ ఇబ్న్ ఉసైమీన్ కూడా అలాంటివాడి రోజాను అల్లాహ్ స్వీకరించడనే ఫత్వా (మతపరమైన తీర్పు) ఇచ్చారు.

రోజా ఏడాదికి ఒక నెల. నమాజు రోజుకు ఐదు పూటలు. ఊరంతా సహరీకి (తెల్లవారకముందు భోజనానికి) లేచి, సాయంత్రం అందరూ కలిసి ఇఫ్తార్ చేసే నెలలో రోజా ఉండటానికి చుట్టూ ఉన్నవాళ్లే సాయపడతారు. డిసెంబరు చలిలో ఫజర్‌కు (తెల్లవారుజాము నమాజుకు) ఒంటరిగా దుప్పటి తీసి లేవాలి, అక్కడ తెలుస్తుంది మన విధేయత ఎంతో. నచ్చిన ఆజ్ఞ ఒకటి పట్టుకుని మిగతాది వదిలేస్తే అది మన ఇష్టానికి లోబడటమే కదా? కటువుగా ఉంటే మాఫ్ చేయండి. మెత్తగా చెప్పీ చెప్పీ ఒక తరాన్నే రంజాన్ ముస్లింలుగా తయారు చేశాం.

ఫిఖ్హ్_విద్యార్థి:
ఆ అభిప్రాయం ఉన్న మాట నిజం. అదొక్కటే ఉందన్నట్టు చెప్పడం మాత్రం సరికాదు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ మార్గాల్లో, నమాజు ఫర్జ్ (తప్పనిసరి విధి) అని ఒప్పుకుంటూనే బద్ధకంతో వదిలినవాడు ఘోర పాపి, కానీ ముస్లిమే. మన వైపు మసీదుల్లో ఎక్కువ భాగం హనఫీలవే (అబూ హనీఫా మార్గం వాళ్లవే). హనఫీ ఫిఖ్హ్‌లో (ధర్మశాస్త్రంలో) ఈ రెండూ వేర్వేరు ఫర్జ్‌లు. నియ్యత్ (సంకల్పం) ఉండి, ఫజర్ వేళ నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయం) దాకా తిండికీ నీళ్లకూ దాంపత్యానికీ దూరంగా ఉంటే రోజా నెరవేరినట్టే, దాన్ని మళ్లీ ఖజా చేయనక్కరలేదు (తర్వాత తీర్చనక్కరలేదు). వదిలిన నమాజుల బాకీ అలాగే ఉంటుంది, దానికి జవాబు వేరే చెప్పుకోవాలి.

ఇంకో సంగతి. ఈ తమ్ముడు జుమా చదువుతున్నాడు. పూర్తిగా వదిలేసినవాడూ, అప్పుడప్పుడూ చదివేవాడూ ఒకటి కాదని ఇబ్న్ ఉసైమీన్ గారే అన్నారు. కాబట్టి ఆయన ఫత్వాను ఈ అబ్బాయికి అంటగట్టలేం. రోజా మానేస్తే ఇతనికి ఒరిగేదేమిటి? ఒక ఫర్జ్ బాకీ పక్కన ఇంకో ఫర్జ్ బాకీ చేరుతుంది, అంతే.

సున్నత్_బాట:
జుమా సంగతి ఒప్పుకుంటా, అది నేను సరిగా పట్టించుకోలేదు. రోజా మానేయమని నేనూ అనను. కానీ "చెల్లుతుంది" అన్న ఒక్క మాట చదివి ఎంతమంది నిశ్చింతగా పడుకుంటారో ఆలోచించండి. నాకున్న భయమంతా అదే.

నెల్లూరు_ఆపా:
భాయ్‌లూ, విధేయత గురించి ఇంత మాట్లాడుతున్నారు కాబట్టి ఒక సంఘటన గుర్తు చేస్తాను. హిజ్రీ 8వ సంవత్సరం, రంజాన్ నెలలోనే ప్రవక్త (స) మక్కాకు బయలుదేరారు. వెంట వచ్చినవాళ్లు రోజాతో నలిగిపోతున్నారు. అస్ర్ (సాయంత్రపు నమాజు) తర్వాత ఆయన నీళ్ల గిన్నె తెప్పించి, అందరికీ కనబడేలా పైకెత్తి తాగారు. అయినా కొందరు రోజా విడవలేదని తెలిసి "వాళ్లు అవిధేయులు" అని రెండుసార్లు అన్నారు. ఇదీ సహీ ముస్లింలోనే ఉంది, జాబిర్ (రజి) చెప్పిందే. ఆకలి ఓర్చుకోవడమే విధేయత అయితే వాళ్లని అలా ఎందుకంటారు?

ఆడవాళ్లకు ఇది ఏటా అనుభవమే. నెలసరి రోజుల్లో రోజా ఉండకూడదు. ఆ రోజాలు తర్వాత తీర్చుకోవాలి, ఆ నమాజులు తీర్చనక్కరలేదు. ప్రవక్త భార్య ఆయిషా (రజి) స్పష్టంగా చెప్పారు. కానీ మా ఇళ్లలో ఆడపిల్లలు ఆ రోజుల్లో వంటింటి తలుపు దగ్గరగా వేసి, గోడవైపు తిరిగి, గబగబా రెండు ముద్దలు మింగుతారు. అన్నదమ్ములు చూస్తారేమోనని టెన్షన్. అల్లాహ్ తినమన్నప్పుడు తినడానికి కూడా సిగ్గుపడేలా చేశాం వాళ్లని.

ఇక రోజువారీ విధేయత అంటే నమాజు దగ్గరే ఆగకండి. అబద్ధమాడటం, దాని ప్రకారం నడుచుకోవడం మాననివాడు తిండీ నీళ్లూ మానడం అల్లాహ్‌కు అక్కరలేదని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఐదు పూటలా మొదటి వరుసలో నిలబడి, ఇంటికొచ్చి ఇఫ్తార్‌కు మిర్చి బజ్జీ రెండు నిమిషాలు ఆలస్యమైతే భార్య మీద గిన్నె విసిరేవాళ్లని చూశాను. ఆమె తెల్లవారుజామున మూడింటికి లేచిన మనిషి, ఆమెకూ రోజాయే. అసలు దివాలా తీసిన మనిషి ఎవరో ప్రవక్త (స) చెప్పారు కదా. నమాజులూ రోజాలూ జకాతూ (తప్పనిసరి దానం) తీసుకుని ప్రళయ దినాన వస్తాడు. కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఇంకొకరి సొమ్ము తిని ఉంటాడు, మరొకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలన్నీ వాళ్లకు పంచేస్తారు. అవి చాలకపోతే వాళ్ల పాపాలు ఇతని నెత్తిన పడతాయి. ఆ విసిరే మగాడి రోజా వట్టి పస్తని బయాన్‌లో ఎందుకు వినబడదు? వెల్డింగ్ పిల్లాడికే ఎందుకు వినబడింది?

నమాజు చిన్న విషయమని నేననడం లేదు. ఎవరూ చూడని చోట దాహం ఆపుకున్న పిల్లాడికి అల్లాహ్ భయం లేదని మాత్రం అనకండి. ఖుర్‌ఆన్ (2:183) రోజా విధించింది ఆ తఖ్వా (దైవభీతి) కోసమే. వాడిలో అది ఉంది. దాన్ని పట్టుకునే వాడిని నమాజు దాకా తీసుకురండి.

సున్నత్_బాట:
ఆపా, మీరన్నది నిజం. జమాత్‌లో ఈ మాట నేనూ ఎత్తుతాను. భాయ్, తమ్ముడికి నా తరఫున ఒక్క మాట చెప్పండి. ఐదూ ఒకేసారి కుదరకపోతే ఈరోజు జుహర్‌తో (మధ్యాహ్నం నమాజుతో) మొదలుపెట్టమనండి, ఫర్జ్ నాలుగు రకాతులే (విడతలే). కొద్దిగానైనా మానకుండా చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదని హదీసు. మిగతావి వదిలేయమని కాదు, ఒకటి నిలబడితే రెండోది వస్తుందని.

ప్రొద్దుటూరు_భాయ్:
అందరికీ జజాకల్లాహ్. రాత్రి ఇదంతా వాడికి చదివి వినిపించాను. ఆపా రాసింది రెండుసార్లు చదవమన్నాడు. సహరీకి లేచాడు, రోజా ఉన్నాడు. ఆ తర్వాత అసలు కారణం బయటపెట్టాడు. ఒంటి మీద తుప్పూ మసీ గ్రీజూ ఉంటాయి, ఆ బట్టలతో మసీదుకెళ్తే పక్కవాళ్లు జరుగుతారు, అందుకే జుమాకు స్నానం చేసి మాత్రం వెళ్తానన్నాడు. ఇన్నేళ్లూ ఇది మాకెవరికీ చెప్పలేదు. ఆ బట్టలతో నమాజు అవుతుందా?

ఫిఖ్హ్_విద్యార్థి:
అవుతుంది భాయ్, సందేహమే లేదు. తుప్పు, మసి, గ్రీజు మురికే గానీ నజాసత్ (మతపరమైన అశుద్ధి) కాదు. రక్తం, మూత్రం లాంటివి అంటితేనే కడగాలి. వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం) చేసేటప్పుడు చేతుల మీద పెయింట్ పొరలా గట్టిపడి ఉంటే నీళ్లు చర్మానికి తగలవు, దాన్ని గీకి తీయాలి. రోజాలో ఉన్నప్పుడు ముక్కులోకి నీళ్లు మరీ లోపలికి పీల్చకూడదు. మసీదుకు వెళ్లడానికి మొహమాటమైతే షాపులోనే శుభ్రమైన చోట ఒక గోనెపట్టా పరుచుకుని చదవొచ్చు. యజమానిని పది నిమిషాలు అడగమనండి. వీలైతే ఒక జత ఉతికిన బట్టలు షాపులో పెట్టుకోమనండి, తనకే హాయిగా ఉంటుంది.