పని మొదలెట్టేశాక తెచ్చుకున్న పర్యావరణ అనుమతి చెల్లాలా? సుప్రీంకోర్టు నవంబరు తీర్పుపై చర్చ

ఉప్పుటేరు

2025 నవంబరు 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. విషయం తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెప్తాను.

పర్యావరణ అనుమతి, అంటే ఈసీ, లేకుండా ఫ్యాక్టరీయో గనియో మొదలెట్టేసి, తర్వాత జరిమానా కట్టి దాన్ని సక్రమం చేయించుకునే దారిని కేంద్రం రెండుసార్లు తెరిచింది. 2017 మార్చి 14న నోటిఫికేషన్, 2021 జులై 7న ఆఫీస్ మెమో. ముంబైకి చెందిన వనశక్తి సంస్థ కేసు వేస్తే, 2025 మే 16న సుప్రీంకోర్టులో జస్టిస్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఆ రెండింటినీ కొట్టేశారు. ఆర్నెల్లు తిరిగేసరికి బిల్డర్ల సంఘం క్రెడాయ్ వేసిన రివ్యూ పిటిషన్ మీద ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ వినోద్ చంద్రన్ మే తీర్పును వెనక్కి తీసుకున్నారు. భుయాన్ గారొక్కరే ఒప్పుకోలేదు. కేసు మళ్లీ మొదటి నుంచి వినాలని తేల్చారు.

నా బాధ ఎక్కడుందంటే, కొన్నేళ్ల కిందట మా మండలంలో ఒక కంపెనీకి ఈసీ ఇచ్చేముందు జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. హైస్కూలు గ్రౌండులో షామియానా, చుట్టూ పోలీసులు. వేటకెళ్లే పెద్దాయన ఒకాయన మైకు పట్టుకుని, "అయ్యా, ఈ గొట్టం ఏట్లో ఎక్కడ వదుల్తారు?" అని అడిగాడు. కంపెనీ మనిషి ఫ్లెక్సీ మీద మ్యాపు చూపించబోయాడు. ఆ మ్యాపులో అసలు ఏరే లేదు. జాయింట్ కలెక్టర్ ఆ ప్రశ్న రాయించారు, సభ చివర్లో తెలుగులో చదివి వినిపించారు. తర్వాత వచ్చిన రిపోర్టులో ఏరు కనిపించింది, గొట్టం వదిలే చోటు మారింది.

ఆ గొట్టం అప్పటికే వేసేసి ఉంటే ఆయన ప్రశ్నను ఎవరు పట్టించుకునేవారు? ముందు అడగాల్సినవాళ్లని తర్వాత అడిగితే అది అడగడం అవుతుందా? మీరేమంటారు?

సైట్ ఇంజినీర్

ఉప్పుటేరు గారూ, మీ ఆవేదన అర్థమైంది. నేను ఇరవై ఏళ్లుగా మురుగునీటి శుద్ధి ప్లాంట్లు కడుతున్నవాణ్ణి, నా వైపు నుంచి చెప్తాను.

మే తీర్పు అలాగే ఉండి ఉంటే ఏం జరిగేదో మెజారిటీ తీర్పులో రాశారు. ఒడిశాలో 962 పడకల ఎయిమ్స్, కర్ణాటకలో ఒక విమానాశ్రయం, కాలుష్యాన్ని శుద్ధి చేయడానికే కట్టిన ప్లాంట్లు కూడా కూల్చాల్సినవాటి లెక్కలో పడేవి. దాదాపు 20 వేల కోట్ల ప్రజల సొమ్ము. కట్టిన ఆసుపత్రి కూల్చి, ఆ శిథిలాలు లారీల్లో తోలి, మళ్లీ అనుమతి తీసుకుని అక్కడే అదే ఆసుపత్రి కడితే గాలికి మేలా, కీడా? దుమ్ము ఎంత లేస్తుందో నాకు తెలుసు, ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి.

ఇంకోటి. 2021 మెమో ఎవరికి పడితే వాళ్లకి అనుమతి ఇచ్చేయమనలేదు. ఆ స్థలంలో ఆ పని అసలు కుదరదనుకుంటే మూసేయాలి, కూల్చేయాలి. ముందే అడిగి ఉంటే అనుమతి వచ్చేదే అనుకున్నవాటికే జరిమానాతో దారి.

జడ్జీలని పర్యావరణానికి శత్రువులుగా చూడొద్దు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత ఆపించింది ఇదే జస్టిస్ గవాయ్ ధర్మాసనం.

నల్లకోటు

సైట్ ఇంజినీర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 2025 ఆగస్టు 5న కూడా ఇదే వనశక్తి వేసిన కేసు, ఇదే గవాయ్, చంద్రన్ గార్ల ధర్మాసనం. స్కూళ్లు, కాలేజీలు, ఇండస్ట్రియల్ షెడ్లకు ఈసీ అక్కర్లేదని కేంద్రం జనవరిలో ఇచ్చిన మినహాయింపును కొట్టేశారు. కాబట్టి మనుషుల గురించి వదిలేసి న్యాయం గురించి మాట్లాడుకుందాం.

మెజారిటీ పట్టుకున్నది ప్రధానంగా ఒక సాంకేతిక అంశం. మే తీర్పు, తర్వాతి అనుమతి కుదరదన్న సుప్రీంకోర్టు పాత తీర్పులు రెండింటి మీద, అంటే 2017 నాటి కామన్ కాజ్, 2020 నాటి అలెంబిక్ మీద నిలబడింది. అలెంబిక్ తర్వాత అదే స్థాయి ధర్మాసనాలు ఎలక్ట్రోస్టీల్, పహ్వా ప్లాస్టిక్స్, డి. స్వామి కేసుల్లో అరుదైన సందర్భాల్లో తర్వాతి అనుమతి ఇవ్వొచ్చన్నాయి. మే ధర్మాసనం వాటిని లెక్కలోకి తీసుకోలేదని మెజారిటీ అభ్యంతరం. అలెంబిక్‌లో కూడా, తర్వాతి అనుమతి చట్టానికి సరిపడదని చెబుతూనే ఫ్యాక్టరీలు మూయించలేదు. ఒక్కో కంపెనీకి 10 కోట్లు జరిమానా వేశారు.

భుయాన్ గారి అసమ్మతి ఇంకో దారిలో నడిచింది. అలెంబిక్ తర్వాత వచ్చినవాళ్లే అలెంబిక్‌ని పక్కన పెట్టారు కదా, తప్పు అక్కడుంది అన్నది ఆయన వాదన. ముందు జాగ్రత్త సూత్రాన్ని వదిలేసి, పాడు చేసినవాడు డబ్బు కట్టాలనే సూత్రాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టకూడదన్నారు. ఢిల్లీ పొగని గుర్తుచేస్తూ, ఇది వెనకడుగు అని రాశారు.

నా మటుకు నాకు కలుక్కుమన్నది మరొకటి. 2017 నోటిఫికేషన్ ఆర్నెల్ల గడువుతో వచ్చింది. ఇది ఒక్కసారికేనని కేంద్రం మద్రాసు హైకోర్టులో చెప్పింది. నాలుగేళ్లకి అదే తలుపు మెమో రూపంలో మళ్లీ తెరిచింది. హైకోర్టుకి ఇచ్చిన మాట కేంద్రమే నిలబెట్టుకోకపోతే ఇక మామూలు మనిషి ఏ కాగితాన్ని నమ్మాలి?

ఉప్పుటేరు

అక్రమ లేఅవుట్లని, కట్టడాలని ఫీజు కట్టించుకుని సక్రమం చేసే ఎల్ఆర్ఎస్, బీపీఎస్ చూసిన మనకి ఈ వరస బాగా తెలుసండీ. ప్రతిసారీ ఇదే ఆఖరు అంటారు. మళ్లీ గడువు పెంచుతారు. నిజాయితీగా ప్లాను పాస్ చేయించుకున్నవాడు కాళ్లరిగేలా తిరుగుతాడు, ముందు కట్టేసినవాడు ఫీజు కట్టి బయటపడతాడు.

జరిమానా ఎంతో కూడా చూడండి. 2021 మెమో ప్రకారం పని నడుస్తున్న ఫ్యాక్టరీకి ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం, ఉల్లంఘన కాలంలోని టర్నోవరులో 0.25 శాతం. తనంతట తాను వచ్చి ఒప్పుకుంటే అందులో సగం. అనుమతి కోసం ఏడాది ఆగితే బ్యాంకు వడ్డీయే అంతకన్నా ఎక్కువవుతుంది. దాన్ని జరిమానా అనడానికి నాకు నోరు రావట్లేదు.

విశాఖ సంగతి మర్చిపోయామా? 2020 మే 7న తెల్లవారకముందే ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసింది, 12 మంది పోయారు. తమ ఉత్పత్తికి సరిపడే చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఎల్‌జీ పాలిమర్స్ సంస్థే 2019 మేలో అఫిడవిట్‌లో రాసి ఇచ్చింది. ఏడాది పాటు ఆ కాగితం ఫైల్లో ఉంది.

సైట్ ఇంజినీర్

విశాఖ గురించి ఒక్క మాట, నొచ్చుకోకండి. ఆ ప్రమాదం ట్యాంకులో వేడి పెరిగి, దాన్ని ఆపాల్సిన రసాయనం సరిపోక జరిగింది. ఈసీ కాగితం ఉన్నా ఆ ట్యాంకు అలాగే వదిలేస్తే ఆవిరి లీకయ్యేదే. అనుమతి ఉన్న ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు జరగట్లేదా? భద్రత తనిఖీ వేరు, ఈసీ వేరు. రెండూ కలిపేస్తే అసలు దోషులు తప్పించుకుంటారు.

ఉప్పుటేరు

ఒప్పుకుంటాను, ఈసీ లేకపోవడమే కారణమని నేను అనలేదు, అనకూడదు కూడా. కానీ ఈసీ ప్రక్రియలో ప్రమాదం ఎలా వస్తుంది, వస్తే ఊరు ఎటు పరిగెత్తాలి అని రాసి, నిపుణుల ముందు పెట్టాలి. ఆ ప్రశ్న అడిగించే మెట్టు దాటేసి ఫ్యాక్టరీ నడిచింది. ఆ రాత్రి జనానికి ఎటు పరిగెత్తాలో తెలియలేదు. నాకు ఈ రెండింటికీ సంబంధం కనిపిస్తోంది.

పాలమూరు పిల్ల

అన్నా, మీరందరు ఫ్యాక్టరీల ముచ్చటే చెప్తున్నరు. మాది పాలమూరు. మా అమ్మ బిందె పట్టుకొని బోరింగు కాడ నిలబడుడు చూసుకుంట పెరిగిన. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు ఈసీ లేదని 2021 అక్టోబరుల ఎన్‌జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, పనులు ఆపింది. తప్పు చేసింది సర్కారు. నీళ్లు ఆగింది మాకు. ఆ ఆర్డరు ఇచ్చినోళ్ల ఇండ్లల్ల నల్లా బంద్ కాలే కదా.

అట్లని అనుమతి వద్దంటలేను. కాళేశ్వరం సంగతి సూడుండ్రి. 2019 జూన్ 21న ప్రారంభం చేసిండ్రు. ఈసీ రాకముందే పనులు చేసిండ్రని ఎన్‌జీటీ చెప్పేసరికి 2020 అక్టోబరు అయ్యింది. అప్పటికే అడివి పోయింది, ఊర్లు లేచినయ్. కోర్టులు ఆలస్యంగ వస్తే తర్వాతి అనుమతి ఇచ్చినా ఒకటే, ఇయ్యకున్నా ఒకటే. ముందుగాల ఆపే దమ్ము ఎవ్వరికి లేదు. దాని గురించి ఎందుకు మాట్లాడరు?

నల్లకోటు

అమ్మా, మీ ప్రశ్నే ఈ చర్చకి ప్రాణం. మీ ప్రాజెక్టులోనే దానికి కొంత జవాబుంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పాలమూరు–రంగారెడ్డిలో తాగునీటి కోసం 7.15 టీఎంసీల మేరకు పనులు చేసుకోనిచ్చింది. అంటే కోర్టు ఒక్కో కేసు చూసి, అవసరమెంతో కొలిచి, అంతవరకే దారి ఇవ్వగలదు. అలెంబిక్‌లోనూ అలాగే చేసింది.

నేను మే తీర్పు వైపు మొగ్గేది అందుకే. ఒక కేసులో కోర్టు మినహాయింపు ఇవ్వడం వేరు, అందరికీ వర్తించేలా ప్రభుత్వం ముందే తలుపు తెరిచిపెట్టడం వేరు. తలుపు ఉందని తెలిస్తే లాయరుగా నా క్లయింటుకి నేనేం సలహా ఇస్తాను? "పని కానివ్వండి, తర్వాత చూసుకుందాం" అనే కదా. ఇలాంటి సలహా అడగడానికి నా దగ్గరికి వచ్చారు కూడా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

పదకొండో అంతస్తు

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాయక తప్పట్లేదు. నేను హైదరాబాదులో ఫ్లాట్ కొన్నాను. బిల్డరు పేరు చెప్పను. నెలకి ఈఎంఐ కడుతున్నాను, అద్దె కూడా కడుతున్నాను. మే తీర్పు వచ్చాక ఈసీ సమస్య ఉందని పని ఆపేశారు. మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు, కొత్తింట్లో పాలు పొంగించడం చూస్తానని రోజూ అడుగుతారు. నవంబరు తీర్పు వచ్చిన రోజు మా ఇంట్లో పండగ. దాన్ని మీరు వెనకడుగు అంటుంటే కడుపు మండుతోంది.

మీరు చెప్పే పెద్దాయనకి ఏరు ఎంతో నాకు ఈ ఇల్లు అంతే. మే తీర్పులో అప్పటికే ఇచ్చేసిన అనుమతుల జోలికి పోలేదు. మాది మాత్రం ఇంకా టేబుల్ మీద ఉంది. నెల ముందు సంతకం పడ్డవాడి ఇల్లు నిలుస్తుంది, నాది కూలుతుందా? ఇది న్యాయమా?

ఉప్పుటేరు

సార్, మీ నాన్నగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మీరు చెప్పిన ఆ తేడా నిజమే. మే తీర్పులో నాకూ సమాధానం దొరకని చోటు అదే. ఇంకోటి కూడా చెప్పాలి. ఈసీ నియమాలున్న 2006 నోటిఫికేషన్లో భవనాలకి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. కాబట్టి నేను మొదట చెప్పిన షామియానా కథ మీ టవర్‌కి అతకదు. 20 వేల చదరపు మీటర్లు దాటినందుకే ఈసీ కావాల్సిన అపార్టుమెంటుని, పక్క ఊరి గాలిలోకి ఆవిరి వదలగలిగే ఫ్యాక్టరీని ఒకే గాటన కట్టి నేను మాట్లాడాను. అది నా పొరపాటు. మళ్లీ విచారణ జరిగేటప్పుడు ఈ తేడా ఎవరైనా కోర్టు ముందు గట్టిగా పెడితే బాగుంటుంది. ఫ్యాక్టరీలు, గనుల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఊరిని అడగకుండా మొదలెట్టిన పనికి తర్వాత ఎంత కట్టినా అది అనుమతి కాదు.

ఒక్కటి అడగనా? మీ బిల్డరు ఈసీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టారో చూశారా? ఈసీ దరఖాస్తులుండే కేంద్రం వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో ప్రాజెక్టు పేరు కొడితే తేదీతో సహా వస్తుంది.

సైట్ ఇంజినీర్

అది తప్పకుండా చూడండి సార్. నేను నవంబరు తీర్పు వైపే ఉన్నాను, కానీ కొన్నవాళ్ల భుజాల మీద తుపాకీ పెట్టి బిల్డర్లు కాల్చడం నాకూ ఇష్టం లేదు. శ్లాబు వేసేముందు నా సైటులో ఈసీ కాపీ గోడకి అంటించి ఉంటేనే కాంక్రీటు పోయిస్తాను. ఒకసారి దాని కోసం ఉద్యోగమే వదులుకున్నాను.

పదకొండో అంతస్తు

రాత్రి కూర్చుని చూశాను. ఉల్లంఘన కేసుల కింద దరఖాస్తు ఉంది. దాని మీద ఉన్న తేదీ, నేను బుకింగ్ డబ్బు కట్టిన తేదీకి పంతొమ్మిది నెలల తర్వాతిది. అప్పటికి మా టవర్‌కి నాలుగు శ్లాబులు పడ్డాయి, ఆ ఫొటోలు బిల్డరే వాట్సాప్‌లో పంపాడు, నా ఫోన్లో ఉన్నాయి. నాకిచ్చిన బ్రోచరులో "అన్ని అనుమతులూ ఉన్నాయి" అని ముద్రించి ఉంది.

నవంబరు తీర్పు నాకు కావాలి, అందులో మార్పు లేదు. మా నాన్నగారు ఆ ఇంట్లో అడుగుపెట్టాలి. కానీ ఆ నాలుగు శ్లాబుల ఫొటోలు మళ్లీ మళ్లీ తీసి చూస్తూనే ఉన్నాను.

నల్లకోటు గారూ, ఈ బ్రోచరు, పోర్టల్ కాగితం రెండూ పెట్టి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో బిల్డరుని అడగొచ్చా? ఇన్నాళ్లు కట్టిన అద్దె అతని దగ్గర వసూలు చేయగలనా?