పుస్తకం లోపలి పేజీల ఇంగ్లీషుకి బాస్కర్‌విల్ ఫాంటు పనికొస్తుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
గిడుగు రామమూర్తి పంతులు గారి సవర భాషా కృషి మీద వ్యాసాల సంపుటి సిద్ధమవుతోంది. డెమీ 1/8 సైజు, 160 పేజీలు, 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం. తెలుగు 11.5 పాయింట్లు. 24 పేజీల ఇంగ్లీషు వ్యాసం ఒకటుంది, తెలుగు వ్యాసాల మధ్యలోనూ ఇంగ్లీషు వాక్యాలు వస్తాయి. వాటికి ఆఫీస్ ప్యాకేజీతో వచ్చిన బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్ 11 పాయింట్లలో పెట్టాం. ప్రూఫులో సన్నగీతలు తెగుతున్నాయి, ఇటాలిక్ ఒరిగి పడిపోయినట్టుంది, తెలుగు పక్కన ఇంగ్లీషు వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. టైమ్స్ పెట్టేయమని ప్రెస్సువారి సలహా. బాస్కర్‌విల్ వదలాలని లేదు. దారుందా?

రుషికుల్య (బరంపురం)
తప్పు బాస్కర్‌విల్‌ది కాదండీ, ఆ పేరుతో మీ చేతికొచ్చిన ఫాంటుది. ఓల్డ్ ఫేస్‌కి మూలం 1768 ప్రాంతంలో ఫ్రై ఫౌండ్రీకి (అచ్చక్షరాలు పోతపోసే సంస్థ) ఐజాక్ మూర్ చేసిన అక్షరాలు. జాన్ బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడి పోకడలో చేశాడు గానీ ఆయన అచ్చులు కావవి. శీర్షికల కోసం గీసిన ఫాంటు అది. 30 పాయింట్లలో చూస్తే కళ్లు తిప్పుకోలేం, 11కి దించితే సన్నగీత వెంట్రుకైపోతుంది. పైగా దానికి సొంత ఇటాలిక్ లేదు, బోల్డూ లేదు. ఇటాలిక్ బటన్ నొక్కితే నిలువు అక్షరాన్నే వర్డ్ పక్కకి వంచుతుంది. మీకు కనిపించిన ఒరుగుడు అదే.

అసలు జాన్ బాస్కర్‌విల్ బర్మింగ్‌హామ్‌వాడు. అచ్చుపనికి ముందు దస్తూరీ నేర్పేవాడు, సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కేవాడు. ఆ కలం వాటం ఆయన అక్షరాల్లో దిగింది. కాస్లన్ ఫాంటు కంటే గీతల్లో లావు సన్నాల తేడా ఎక్కువ, బొడోనీ ఫాంటు అంత కరుకు కాదు. చిన్న జీ కింది గిన్నె మూసుకోదు, పెద్ద క్యూ తోక విశాలంగా సాగుతుంది, పెద్ద ఈ కింది గీత పైదానికన్నా పొడుగు. 1757లో వర్జిల్ కావ్యాలు అచ్చువేసినప్పుడు నున్నటి వోవ్ (గీతల జాడలేని) కాగితం వాడాడు, సిరా మామూలు కంటే నల్లగా చేయించాడు, అచ్చయిన కాగితాల్ని వేడి రాగి రేకుల మధ్య నొక్కించాడు. అంత సన్నగీత నిలబడింది అందుకే. మన మ్యాప్‌లితో మీద ఆ హంగేదీ లేదు.

లిబ్రే బాస్కర్‌విల్ దించుకోండి, ఉచితం. 1941 నాటి అమెరికన్ టైప్ ఫౌండర్స్ నమూనా మీద చేశారు. చిన్న అక్షరాల ఎత్తు ఎక్కువ, లోపలి ఖాళీలు విశాలం, సన్నగీతలు కాస్త బలం. ఇటాలిక్, బోల్డ్ విడిగా గీసినవే. కాకపోతే వెడల్పు ఎక్కువ. 11 పాయింట్లలోనే ఉంచితే 24 పేజీలు దాటిపోతాయి. 9 నుంచి మొదలుపెట్టండి.

నాగావళి (రాయగడ)
ఫాంటు మార్చే ముందు ప్రెస్సులో ఒకటి అడగండి: ప్లేటు ట్రేసింగ్ కాగితం మీది ప్రింటు నుంచి తీస్తారా, సీటీపీనా (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు మీదికి)? లేజర్ ప్రింటర్‌లో ట్రేసింగ్ తీస్తే సన్నగీత అక్కడే పలచబడుతుంది. ఆ పైన పాజిటివ్ ప్లేటుకి (వెలుతురు తగిలిన చోటు కడిగితే పోయే రకం) వెలుతురు ఎక్కువసేపు పెడితే అంచుల కింద నుంచి చొరబడి గీతను తినేస్తుంది. టైమ్స్ పెట్టినా ఈ జబ్బు పోదు. సీటీపీ అయితే మేలు. అక్షరాలు కేవలం నలుపు 100 శాతంలో ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే రిజిస్టర్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) కొంచెం తప్పినా అంచులు మసకే.

ఇక తెలుగు పక్కన పొత్తు. తెలుగులో సెరిఫ్ (ఇంగ్లీషు అక్షరాల గీతల చివర ఉండే చిన్న కొస) ఉన్న ఫాంటు వెతక్కండి, తలకట్టు సెరిఫ్ కాదు. మన అక్షరం గుండ్రం, గీత మందం చాలావరకు ఒకే తీరు. చూడాల్సింది పేజీ నలుపు. ఒకే పేరాలో రెండు లిపులూ పెట్టి ప్రింటు తీసి, గోడకి అంటించి రెండు గజాల దూరం నుంచి చూడండి. ఇంగ్లీషు మాటలు తెల్లమచ్చల్లా తేలితే సైజు అర పాయింటు పెంచండి, నల్లగా గుచ్చుకుంటే తగ్గించండి. మీ తెలుగు 11.5కి ఇంగ్లీషు 9.5 దగ్గర కుదరొచ్చు. లీడింగ్ (లైన్ల మధ్య దూరం) మాత్రం ఒత్తుల్ని బట్టే, 17 పాయింట్ల కంటే దించకండి.

పేజీలు కట్టేది ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే తెలుగు సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుని, ఇంగ్లీషు అక్షరాలకే అంటుకునేలా పేరా స్టైల్‌లో గ్రెప్ స్టైల్ (అక్షరాల తీరును బట్టి తనంతట అంటుకునే నియమం) రాయండి. ఒక్కో మాటా చేత్తో మార్చుతూ పోతే రెండో ప్రూఫుకే ఎక్కడో తప్పిపోతుంది. వర్డ్‌లో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద వస్తుంది కాబట్టి స్టైల్‌లో రెండింటికీ విడివిడిగా ఫాంటు, సైజు ఇవ్వొచ్చు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
లిబ్రేతో ప్రూఫు చాలా నయం, ధన్యవాదాలండీ. ఇంకో చిక్కు. సవర మాటలు ఉచ్చారణ గుర్తులతో రోమన్ లిపిలో ఉన్నాయి. కొన్ని చోట్ల డబ్బాలు, కొన్ని చోట్ల అక్షరం వేరే ముఖంతో వస్తోంది.

వంశధార (గుణుపురం)
ఆ గుర్తులు ఫాంటులో లేవన్నమాట. లేని అక్షరానికి వర్డ్ చెప్పకుండా వేరే ఫాంటు తెచ్చి అతికిస్తుంది, ఇన్‌డిజైన్ డబ్బా చూపిస్తుంది. డబ్బాయే నయం, కంటికి దొరుకుతుంది. సవర మాటలకి జెంటియం వాడండి. అంతర్జాతీయ ధ్వనిలిపి మొత్తం ఉన్న సెరిఫ్ ఫాంటు, ఇదీ ఉచితమే. ఒకే మాటలో సగం బాస్కర్‌విల్, సగం జెంటియం రానివ్వకండి. మాట మొత్తానికి ఒకే క్యారెక్టర్ స్టైల్ ఇవ్వండి. ఆ ఇంగ్లీషు వ్యాసంలో సవర మాటలు ప్రతి పేరాలో ఉంటే వ్యాసమంతా జెంటియంలోనే పెట్టడం నా సలహా. ఆ పుస్తకంలో సవర మాటే ముఖ్యం, దాని మీద అతుకు కనిపించకూడదు. పీడీఎఫ్ చేశాక ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూడండి. మీరు పెట్టని పేరు ఒక్కటి కనబడినా ప్లేటుకి పంపొద్దు.

ఓల్డ్ ఫేస్‌ని తీసిపారేయకండి. అట్ట మీద ఇంగ్లీషు పేరుకి 36 పాయింట్లలో, తెల్ల నేల మీద నల్లగా పెట్టండి. ముదురు రంగులో తెల్లక్షరాలుగా మాత్రం వద్దు, చుట్టూ ఉన్న సిరా పాకి సన్నగీతలు పూడిపోతాయి.