ఊరి చెరువులో కొర్రమీనుకి చిన్న కయాక్: గాలిదా, గట్టిదా?

గాలం_పాకాల

అన్నలకు నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకుంటా ఉన్నాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తగారి ఊరు పాకాల పక్కన. ఆ ఊరి చెరువులో కొర్రమీను బాగా ఉంది. కట్ట మీద నుంచి కప్ప లూర్ (కప్ప మాదిరి ఉండే నకిలీ ఎర) ఎంత గట్టిగా విసిరినా తామరాకు మొదట్లోనే పడతా ఉంది, చేప ఎగిరేదేమో ఆ అవతల. అందుకే ఒక చిన్న కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొందామని. ఏటికీ సముద్రానికీ పోయే పని లేదు, నిలవ నీళ్లే. నా బరువు 92 కిలోలు, బండి వ్యాగనార్, బడ్జెట్ 30,000 (ఇంట్లో చెప్పిన లెక్క వేరే). చెన్నైలో 8 అడుగుల గట్టి ప్లాస్టిక్‌ది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉందంట. లేదంటే గాలి నింపుకునేది, ఇద్దరు పట్టేది. ఏది తీసుకోమంటారు? ఈత వచ్చు, బావిలో నేర్చుకున్నదే.

చిత్తూరోడు_రీలు

తమ్ముడూ, కయాక్ సంగతి తర్వాత. ఆ చెరువు ఎండినప్పుడు లోపల ఏముందో ఎప్పుడైనా చూసినావా? మన పక్క చెరువుల్లో సగం కంపే. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ నీళ్లలోనే నిలబడి ఉంటాయి. చెరువు నిండి మొరవ పోయిన ఏడు కొమ్మలు మునిగిపోయి కనిపించవు కూడా. గాలి కయాక్ అమ్మేవాళ్ల వీడియోల్లో నీలంగా, అద్దం మాదిరి సరస్సు ఉంటుందే గానీ తుమ్మముల్లు ఉండదు. కొర్రమీనేమో సరిగ్గా ఆ కంపలోనే, ఆకు కిందనే ఉంటుంది. నువ్వు పోవాల్సింది అక్కడికే. అందుకని నా ఓటు గట్టిదానికి.

అయితే ఆ 8 అడుగులది మాత్రం వద్దు. ప్రతి కయాక్ మీదా ఇంత బరువు మోస్తుందని రాసుంటుంది. అందులో మూడింట రెండు వంతులే నీ లెక్క. అంతకు మించితే మునగదు గానీ నీళ్లలోకి దిగబడి మొద్దుగా కదుల్తుంది, ఒక పక్కకి వంగితే తేరుకోదు. నువ్వు 92, రాడ్లు, లంగరు, నీళ్లు, ఐస్ బాక్సు కలిపి ఇంకో 12 వేసుకో. అంటే కనీసం 156 కిలోలు అని రాసుండాలి. అది 10 అడుగులవాటిలో వెతుక్కో, ఆ పొడవులో కూడా అన్నీ అంత మోయవు. వెడల్పు 30 అంగుళాలకు తగ్గకూడదు, 32 నుంచి 34 ఉంటే మేలు. వెడల్పు పెరిగితే నిదానం అవుతుంది. అయితే ఏం, చెరువులో నీకేమన్నా పందెమా? కప్ప లూర్‌ని టకటకా లాగుతున్నప్పుడు, చేప తగిలి పక్కకు గుంజినప్పుడు ఆ వెడల్పే నిన్ను కాపాడేది.

లోపలికి కాళ్లు దూర్చి కూర్చునే రకం తీసుకోవద్దు. మన ఎండకు కాళ్లు ఉడికిపోతాయి. పైగా తిరగబడితే నిండా నీళ్లే, వాటిని తోడేది ఎవరు? పైన కూర్చునేదైతే మళ్లీ తిప్పి, కడుపు మీద బోర్లా పాకి ఎక్కేయొచ్చు. దాని అడుగున రంధ్రాలు చూసి కంగారు పడొద్దు, పైన పడిన నీళ్లు దిగేదానికే అవి. నిలవ నీళ్లలో బిరడాలు పెట్టుకుంటే కూర్చున్న చోటు తడవదు.

పాతది కొంటే ఆ రంధ్రాల చుట్టూ, అడుగున గీసుకుపోయిన చోట వేలితో తడిమి చూడు. చీలికలు వచ్చేది ఆడే. లోపల రెండు బకెట్లు నీళ్లు పోయించి పొడి నేల మీద పెట్టించు, చెమ్మ దిగితే బేరం వద్దు. ఆ ప్లాస్టిక్‌కి మామూలు జిగురు పట్టదు, వేడితో అతికించాలి.

హస్తి_కాస్టర్

చిత్తూరన్నతో నాకు సగమే ఒప్పుదల. మూడో అంతస్తు, లిఫ్టు లేదు అని ఆయన రాసినాడు కదా! పది అడుగుల గట్టిది పాతిక కిలోలు తూగుతుంది, ఆ మెట్ల మలుపులో ఎట్ల తిప్పుతాడు? నాది గాలిదే. సంచిలో మడిచి డిక్కీలో వేసుకుంటా. మంచివాటిలో గాలి గదులు వేరువేరుగా ఉంటాయి, ఒకటి పోయినా మిగతావాటి మీద ఒడ్డుకు రావచ్చు. నేను కంప లేని చెరువుకే పోతాను, అది వేరే విషయం. ఒకటే జాగ్రత్త: నిండా కొట్టి ఎండలో ఒడ్డున వదిలేయొద్దు, లోపలి గాలి వేడికి పెరిగి అతుకులు విడిపోతాయి. మధ్యాహ్నం గాలి లేస్తే తేలిగ్గా ఉన్నందుకు కొట్టుకుపోతుంది కూడా, ఒప్పుకుంటా.

మొరవ_కాడ

మాది చేపలు పట్టే ఇల్లు. కయాక్ ఏదైనా కొనుక్కోండి సార్, ముందు ఆ చెరువులో చేపల హక్కు ఎవరిదో కనుక్కోండి. చాలా చెరువులు సంఘానికో, వేలంపాట పాడుకున్న వాళ్లకో ఉంటాయి. చేపపిల్లల్ని వదిలింది వాళ్లు, మీరు పడవేసుకుని పోతే గొడవే. ఊరి అల్లుడు అంటే ఒకసారి ఊరుకుంటారు, రెండోసారి ఊరుకోరు. అడిగితే మాత్రం ఎక్కువమంది సరే అంటారు, కొర్రమీను వదిలిన పిల్లల్ని తినేస్తుంది కాబట్టి. వల కట్టిన చోట బెండ్లు తేలతా ఉంటాయి, వాటికి దూరంగా తెడ్డు వేయండి.

కల్యాణి డ్యాం వైపు చూడొద్దు, తాగునీళ్లు, చుట్టూ అడవి. పులికాట్ కూడా పక్షుల అభయారణ్యం.

ఇంకో మాట. ఎర్రగా చిన్న కొర్రమీను పిల్లలు గుంపుగా నీళ్ల పైకి వచ్చి పోతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. కప్ప వేస్తే కోపంతో కొడతాయి, సులభంగా పడతాయి. పట్టొద్దు. ఆ పూటకే మిగతా చేపలు ఆ పిల్లల్ని ఖాళీ చేస్తాయి.

గాలం_పాకాల

అందరికీ థ్యాంక్స్. చెరువులో కంప ఉందని మా బామ్మర్ది చెప్పినాడు, కాబట్టి గట్టిదే. చెన్నైది వదిలేస్తున్నా. పాట పాడుకున్నాయన మా మామకు తెలిసినవాడే, అడిగిస్తా. కయాక్‌ని మామ వాళ్ల ఆవుల కొట్టంలో పెట్టొచ్చా? తిరుపతి నుంచి ఒక్కసారి బండి మీద వేసుకుని పోతే చాలు కదా. లంగరు ఏం వాడాలి?

చిత్తూరోడు_రీలు

కొట్టమే మంచిది, ఎండ తగలదు. నేల మీద పరచొద్దు, రెండు వెడల్పాటి పట్టీలు కట్టి పక్కవాటుగా వేలాడదీయి. ఆవు తొక్కకుండా కూడా ఉంటుంది. బండి మీదకైతే వ్యాగనార్ పొడవు 12 అడుగులు, 10 అడుగులది సరిపోతుంది. కింద మెత్తటి ఫోమ్ వేసి బోర్లా పెట్టు, ముందూ వెనకా కూడా తాడు కట్టు. మిట్టమధ్యాహ్నం మరీ బిగించి కట్టినావంటే వేడికి అడుగు సొట్ట పడుతుంది.

లంగరుకి కిలోన్నర బరువు చాలు, తాడు కట్టిన ఇటుక కూడా పనిచేస్తుంది. కానీ తాడు ముందు కొసకో వెనక కొసకో కట్టు, నడుముకి కట్టొద్దు. గాలి తోస్తే ఆ పక్కకే వంచేస్తుంది. కంపలో అయితే లంగరు వేయనే వేయొద్దు, చిక్కితే రాదు, కొమ్మకే క్లిప్పు తగిలించుకో.

బావిలో ఈత అన్నావు. బావిలో తామర తూళ్లు ఉండవు, ఈడ కాళ్లకు చుట్టుకుంటాయి. లైఫ్ జాకెట్ సీటు వెనక పెట్టుకునేది కాదు, వేసుకునేది. మొదటి రోజు గాలం తీసుకుపోకుండా, నడుము లోతు నీళ్లలో కావాలనే తిరగబడి, మళ్లీ ఎక్కడం నేర్చుకో, బామ్మర్దిని ఒడ్డున నిలబెట్టి. తెడ్డు 240 సెంటీమీటర్లది అడుగు. 220ది చవగ్గా వస్తుంది గానీ ఆ వెడల్పుకి పొట్టి, వేళ్లు కయాక్ అంచుకి కొట్టుకుంటాయి.